డైలాగ్ రికార్డింగ్‌కి ఏ ఫీల్డ్ మిక్సర్? ముందు మైకులు లెక్కపెట్టండి

నమస్కారం. షార్ట్ ఫిల్మో, వెబ్ సిరీసో సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్‌లోనే డైలాగ్ రికార్డు చేసి, తీద్దామనుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "ఏ మిక్సర్ కొనాలి?" మన సినిమాల్లో ఇప్పటికీ ఎక్కువ భాగం డబ్బింగే. అందుకే మైకులన్నీ తగిలించి రికార్డు చేసే ఈ పెట్టె పనితీరు సెట్‌లో దగ్గరగా చూసి నేర్చుకునే అవకాశం చాలామందికి దొరకదు.

మోడల్ సంగతి తర్వాత. మీ స్క్రిప్ట్‌లో ఒకేసారి ఎక్కువమంది మాట్లాడే సీన్ ఏది? భోజనాల దగ్గర నలుగురు గొడవపడతారు అనుకుందాం. తలా ఒక లేపెల్ మైకు (బట్టలకి తగిలించేది), పైన ఒక బూమ్ (కర్ర చివర పట్టుకునే మైకు). మొత్తం ఐదు ఇన్‌పుట్లు కావాలి.

[స్క్రీన్ మీద: రికార్డర్ల పక్కన ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్ పోర్టులు, దగ్గరగా]

జూమ్ కంపెనీ ఎఫ్3కి ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబుల్ పెట్టే మూడు పిన్నుల) ఇన్‌పుట్లు 2, ఎఫ్6కి 6, ఎఫ్8ఎన్ ప్రోకి 8. సౌండ్ డివైజెస్ వాళ్ల మిక్స్‌ప్రీ-6 టూ దగ్గర మాత్రం జాగ్రత్త. పేరులో 6 ఉన్నా ఎక్స్‌ఎల్‌ఆర్‌లు 4 మాత్రమే. మిగతా రెండు ఛానెళ్లు ఒక 3.5 ఎంఎం జాక్ నుంచి వస్తాయి. రెండు లేపెళ్ల వైర్‌లెస్ రిసీవర్ అయితే అక్కడ పెట్టుకోవచ్చు. మైకు కేబుల్ ద్వారానే వెళ్లే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్, కావాల్సిన బూమ్ మైకుకి అది పనికిరాదు.

ఇక నాబ్‌ల సంగతి. మిక్సర్ రెండు పనులు చేస్తుంది. ప్రతి మైకునీ విడి ట్రాక్‌గా రికార్డు చేస్తుంది, వాటినే ఐసో ట్రాకులు అంటారు. అన్నీ కలిపి డైరెక్టర్ హెడ్‌ఫోన్స్‌కీ, కెమెరాకీ ఒక మిక్స్ పంపుతుంది. ఆ నాలుగు లేపెళ్లూ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటే అమ్మ డైలాగ్ మీద కోడలి చీర కొంగు గరగర, పక్కవాడి కంచం చప్పుడు, గది ప్రతిధ్వని అన్నీ పడతాయి. మాట్లాడేవాళ్ల మైకు పెంచి, మిగతావి తగ్గిస్తూ ఉండాలి. అది వేలితో చేసే పని. ఎఫ్6 నాబ్‌లు బాగా చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా ఉంటాయి. మిక్స్‌ప్రీ నాబ్‌లు కాస్త పెద్దవి, చేతికి అందుతాయి. ఎఫ్3కి గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే) నాబే లేదు. సీన్‌లో మిక్స్ చేయాల్సినవాళ్లకి నా ఓటు మిక్స్‌ప్రీకే.

"32 బిట్ ఫ్లోట్ ఉందిగా, లెవెల్స్ టెన్షన్ ఎందుకు?" అంటారు. చాలా చిన్న శబ్దాన్నీ, చాలా పెద్ద శబ్దాన్నీ పట్టుకోగల రికార్డింగ్ పద్ధతి అది. నిజమే, గుసగుసలాడుతున్న నటుడు ఉన్నట్టుండి అరిచినా రికార్డర్ లోపల సౌండ్ పగలదు, ఎడిట్‌లో తగ్గించుకోవచ్చు. బూమ్ పట్టుకోవడం, రికార్డు చేయడం ఒక్కరే చూసుకునే యూనిట్‌కి ఇది నిజంగా వరం. కానీ అరుపు రికార్డర్‌ దాకా రాకముందే, లేపెల్ ట్రాన్స్‌మిటర్‌లోనే పగిలిపోతే? పగిలిన సౌండే 32 బిట్‌లో భద్రంగా రికార్డవుతుంది. మైకు దూరంగా ఉంటే వచ్చే గది మోతని కూడా అది తీయలేదు. గెయిన్ చూసుకునే మనిషి ఉండి, పీక్స్ (మాట గట్టిగా వచ్చే చోట్లు) మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచితే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ డైలాగ్‌కి హాయిగా సరిపోతుంది.

పవర్: ఫాంటమ్ ఆన్ చేస్తే పెన్సిల్ సెల్స్ త్వరగా అయిపోతాయి. ఎఫ్6 వెనక సోనీ ఎల్ టైప్ బ్యాటరీ నేరుగా తగిలించుకోవచ్చు. మిక్స్‌ప్రీకి దాని కోసం వేరే స్లెడ్ (బ్యాటరీ తగిలించే అడాప్టర్) కొనాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

టైమ్‌కోడ్ (కెమెరా, రికార్డర్ ఒకే గడియారం ప్రకారం నడిచే ఏర్పాటు) ఒక కెమెరా షార్ట్ ఫిల్మ్‌కి తప్పనిసరి కాదు, క్లాప్ చాలు. రెండు మూడు కెమెరాలతో లాంగ్ టేక్‌లు తీస్తే మాత్రం తీసుకోండి. ఎఫ్6లో ఉన్న క్లాక్ 24 గంటలకి అర ఫ్రేము కన్నా ఎక్కువ తేడా రానివ్వదు.

[స్క్రీన్ మీద: ఖాళీ గదిలో రికార్డర్, మైకు, హెడ్‌ఫోన్స్]

కొనే ముందు ఒక రోజు అద్దెకు తెచ్చుకోండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా బండి తాళాలు అందులోనే పెట్టండి, సౌండ్ వాళ్లందరికీ తెలిసిన చిట్కా ఇది. మీ బూమ్ మైకే తగిలించి, మూడడుగుల దూరంలో ఒకరిని మెల్లగా మాట్లాడమనండి. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గెయిన్ పెంచండి. మాట వెనక "స్స్" అని ప్రీయాంప్ (మైకు సిగ్నల్ పెంచే సర్క్యూట్) రొద వినిపిస్తే, ఎన్ని ఛానెళ్లున్నా ఆ మెషీన్ తిరిగి ఇచ్చేయండి.