మన వాన కార్తీకంలో వస్తుంది: నెల్లూరు వీధులు చవితికే మేల్కోవాలి

[దృశ్యం: తెల్లవారుజాము. పెన్నా వంతెన మీద నుంచి నది. ఇసుక మేటల మధ్య సన్నటి పాయ. దూరంగా రంగనాయకుల గుడి గాలిగోపురం.]

నమస్కారం. జూన్‌లో టీవీ పెడితే రుతుపవనాలు వచ్చేశాయంటారు. హైదరాబాదులో గొడుగులు బయటికి తీస్తారు. అదే రోజు మనం నెల్లూరులో ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకుంటూ ఉంటాం. నైరుతి గాలులు పడమటి కనుమల మీద తేమంతా దింపేసుకుని మన దగ్గరికి వచ్చేసరికి పొడిబారిపోతాయి. మన వాన వేరు. అక్టోబరు 20కి అటూ ఇటూగా గాలి దిక్కు మారుతుంది. సముద్రం మీద నుంచి ఈశాన్యపు గాలి మొదలవుతుంది. ఏడాది మొత్తంలో మనకు పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఆ మూడు నెలలు కూడా రోజూ కురిసేది కాదు. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం కట్టిందంటే నెల వాన రెండు రోజుల్లో దిగుతుంది.

అందుకే నేనివాళ ఒకటే మాట చెప్పడానికి వచ్చాను. దీపావళి టపాసులు కొనేటప్పుడు కాలవల గురించి మాట్లాడితే ఆలస్యమైపోయినట్టే. మన ఊరు సిద్ధపడాల్సింది వినాయక చవితికి.

[దృశ్యం: ఊరి పటం. కోటమిట్ట, దర్గామిట్ట, పొర్లుకట్ట పేర్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

ముందు ఊరి నేల చూద్దాం. మన పెద్దలు పేట పేర్లలోనే నీళ్ల దారి రాసిపెట్టారు. మిట్ట అంటే ఎత్తు నేల. కోటమిట్ట, దర్గామిట్ట అలా వచ్చిన పేర్లే. పొర్లుకట్ట అంటే? ఏరు పొర్లినప్పుడు ఆపడానికి వేసిన కట్ట. ఆ పేరు ఉన్నచోట ఇల్లు కట్టుకున్నామంటే ఏరు ఎప్పుడో ఒకప్పుడు తలుపు తడుతుందని తెలిసే కట్టుకోవాలి. పేదవాళ్లకు ఎత్తు నేల దొరకదు, అది వాళ్ల తప్పు కాదు. కాబట్టి ముందుగా హెచ్చరిక అందాల్సింది కూడా వాళ్లకే.

2021 నవంబరు గుర్తుందా? 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. ఎగువన కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ పెన్నలో కలిసి మనకు ఎగువనున్న సోమశిల జలాశయానికి చేరాయి. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం, పొర్లుకట్ట ప్రాంతాలు మునిగాయి. కోవూరు వైపు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది.

[దృశ్యం: తెర మీద అంకెలు.]

క్యూసెక్కు అనే మాట పేపర్లో రోజూ చదువుతాం గానీ అదెంతో కళ్లకు కట్టదు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు పారితే ఒక క్యూసెక్కు. లీటర్లలో 28కి కొంచెం ఎక్కువ, అంటే సెకనుకు రెండు బిందెల లెక్క. ఐదు లక్షల క్యూసెక్కులు ఒక్క రోజంతా పారితే సుమారు 43 టీఎంసీలు అవుతాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సోమశిల జలాశయం మొత్తం పట్టేది 78. అంటే నిండిన జలాశయంలో సగానికి పైగా నీళ్లు ఒక్క రోజులో మన వంతెనల కింద నుంచి వెళ్లినట్టు. ఈసారి ‘రెండు లక్షల క్యూసెక్కులు వదిలారు’ అని వింటే ఈ లెక్క గుర్తు చేసుకోండి.

[దృశ్యం: సర్వేపల్లి కాలువ గట్టు. నీళ్లలో ప్లాస్టిక్ కవర్లు, గుర్రపు డెక్క.]

ఏరు పొంగడం ఎప్పుడో ఒక్కసారి. వీధులు మునగడం మాత్రం ఏటా. దీనికి కారణం అడిగితే ‘కాలవల్లో పూడిక’ అంటారు. నిజమే, కానీ అది సగం జవాబే. మిగతా సగం ఎవరూ చెప్పరు, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను.

సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ. ఈ రెండూ పొలాలకు నీళ్లివ్వడానికి తవ్విన పంట కాలువలు, మురుగు పోవడానికి తవ్వినవి కావు. పంట కాలువ స్వభావం ఏంటంటే, మొదట్లో వెడల్పుగా ఉంటుంది, దారిలో ఒక్కో తూముకు కొంచెం కొంచెం ఇచ్చుకుంటూ పోతుంది కాబట్టి చివరికి సన్నబడుతుంది. మురుగు కాలువ దీనికి సరిగ్గా తలకిందులు. దారి పొడవునా నీళ్లు వచ్చి కలుస్తుంటాయి కనుక చివరికి పోయేకొద్దీ వెడల్పు కావాలి. ఊరు పెరిగాక మన వీధి నీళ్లన్నీ పంట కాలువలోకి మళ్లించాం. మొదట్లో పట్టిన నీళ్లు చివర్లో పట్టవు, గట్టు దాటి ఇళ్లలోకి వస్తాయి. ఇంకొక సంగతి. పొలాలకు నీళ్లు దానంతటవే పారాలని పంట కాలువను చుట్టుపక్కల నేల కంటే ఎత్తున నడిపిస్తారు. కాలువ నిండిందంటే పల్లంలోని వీధి నీళ్లు అందులోకి ఎక్కలేవు. పైగా మన రబీకి నారుమళ్లు పోసే కాలం కూడా అదే, కాలువలో నీళ్లు అవసరమైన కాలమూ అదే.

కాబట్టి పూడిక తియ్యడంతో పాటు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: మా వీధి వాననీళ్లు పంట కాలువలోకి పోతున్నాయా, వేరే డ్రెయిన్‌లోకి పోతున్నాయా? వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీని అడగండి. పటం చూపించమనండి. ఆ పటం చూశాక మీరు పెట్టే అర్జీకి బలం వస్తుంది. ‘మురుగు పోవట్లేదు’ అని రాసే అర్జీ వేరు, ‘ఫలానా కల్వర్టు దగ్గర పైపు సన్నగా ఉంది, దాని వెనక నలభై ఇళ్ల నీళ్లు ఆగుతున్నాయి’ అని ఫోటోతో రాసే అర్జీ వేరు. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది. రసీదు తీసుకోవడం మరిచిపోవద్దు.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే పెద్దాయన ఒకసారి అన్నాడు: “అబ్బయా, నీళ్లొచ్చేటప్పుడు కాలవ తవ్వేదేంది? ఆకు ముందర కూర్చున్నాక పొయ్యి కట్టుకున్నట్టు.” ఆయన ఇంట్లోకి నీళ్లు రావడం నేను కళ్లారా చూశాను. బట్టల మూటలు మంచం మీద పెట్టి తను నిలబడి ఉన్నాడు.

[దృశ్యం: రైల్వే అండర్ బ్రిడ్జి. ఎండాకాలంలో పొడిగా. తర్వాత అదే చోట నడుము లోతు నీళ్లు.]

ఇక అండర్ బ్రిడ్జిలు. మన ఊరిని రైలు కట్ట రెండుగా చీల్చింది. ఆత్మకూరు బస్టాండు, మాగుంట లేఅవుట్, రామలింగాపురం... ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలంటే పట్టాల కింద దూరి పోవాల్సిందే. ఆ దారి చుట్టుపక్కల రోడ్లన్నిటి కంటే పల్లం. ఒక గంట గట్టి వాన పడితే నాలుగు వైపుల నీళ్లూ అక్కడికే చేరతాయి. ఆ నీళ్లు వాటంతట అవి బయటికి పోలేవు, మోటారు పెట్టి తోడాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది.

కొన్నేళ్ల కిందట నేనే ఆ తప్పు చేశాను. సాయంత్రం ఏడు గంటలకు, ముందు వెళ్లిన ఆటో దాటింది కదా అని బండి దింపాను. మధ్యలో ఆగిపోయింది. కింద గుంట ఉందో, మూత లేని మ్యాన్‌హోల్ ఉందో తెలియదు. ఇద్దరు కూలీలు నీళ్లలోకి దిగి నన్నూ బండినీ బయటికి లాగారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పారే నీళ్లు అర అడుగు ఉంటే చాలు, పెద్ద మనిషి కాలు తప్పుతుంది. అడుగు లోతుంటే చిన్న కారు పక్కకు జరుగుతుంది. రెండడుగుల్లో చాలా కార్లు తేలిపోతాయి. బురద నీళ్లలో లోతు కంటికి తెలియదు. అందుకే నాదొక కోరిక. ప్రతి అండర్ బ్రిడ్జి గోడ మీదా రంగు గీతలు వెయ్యాలి. అర అడుగుకు పసుపు, అడుగుకు ఎరుపు, పైన లోతు అంకెలు. ఒక డబ్బా రంగు, ఒక పూట పని. రాత్రిపూట కూడా మెరిసే రంగైతే మరీ మంచిది. ఇది ఇంకా ఎందుకు జరగలేదో నాకు అర్థం కాదు.

[దృశ్యం: వినాయక మంటపం. కుర్రాళ్లు లైటింగు సర్దుతున్నారు. తర్వాత ట్రాక్టరు మీద విగ్రహం, స్వర్ణాల చెరువు గణేష్ ఘాట్ వైపు.]

ఇప్పుడు చవితి దగ్గరికి వద్దాం. ప్రతి వీధికీ ఒక కమిటీ ఉంటుంది. చందా పుస్తకం ఉంటుంది, అందులో ఇంటింటి పేరూ ఫోను నంబరూ ఉంటాయి. ట్రాక్టరు ఎవరిదో తెలుసు, జనరేటరు ఎక్కడ దొరుకుతుందో తెలుసు, మైకు సెట్టు వాళ్ల చేతుల్లోనే ఉంది, రాత్రంతా మేలుకునే కుర్రాళ్లు పది మంది ఉన్నారు. వరద వచ్చినప్పుడు కావాల్సింది ఇంకేముంది? నిమజ్జనం అయిన మర్నాడు ఆ కమిటీ చెదిరిపోతుంది. రెండు నెలల తర్వాత అదే వీధిలో నీళ్లు వస్తే ఎవరిని పిలవాలో ఎవరికీ తెలియదు.

చందా పుస్తకంలో ఇంకో నాలుగు వరుసలు గీయండి. ఈ ఇంట్లో మంచం దిగలేని వాళ్లున్నారా? నెలలు నిండిన గర్భిణి ఉందా? డయాలసిస్‌కు వెళ్లేవాళ్లున్నారా? మిద్దె ఉన్న ఇల్లు ఏది, రాత్రికి పదిమందిని ఉంచుకోగలరా? చందాకు ఎలాగూ ప్రతి గడపా ఎక్కుతారు, ఆ నాలుగు ప్రశ్నలూ అప్పుడే అడగొచ్చు. ఊరేగింపు రోజు ఇంకో పని కూడా అవుతుంది. విగ్రహం ఎత్తుగా ఉంటుంది కనుక వేలాడే కరెంటు తీగలన్నీ ఆ రోజు కనిపిస్తాయి. కర్రతో పైకెత్తి పోనివ్వకండి, ప్రాణాలు పోతాయి. ఫోటో తీసి 1912కు ఫోను చెయ్యండి. అదే తీగ నవంబరు గాలికి తెగి నీళ్లలో పడేది. పత్రి, పూలు, థర్మకోలు కాలవలో వెయ్యకండి, కల్వర్టు నోటికి అడ్డం పడేవి అవే.

[దృశ్యం: ఫోనులో వాతావరణ హెచ్చరిక.]

హెచ్చరికల సంగతి త్వరగా చెప్పేస్తాను. ‘కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు’ అని స్క్రోలింగు వస్తుంది. అది ఓడలకు చెప్పే భాష. 1, 2 అంటే గాలివాన ఇంకా దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 అంటే పోర్టుకు గాలి తగలొచ్చు. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 మహా ప్రమాదం, 11 వస్తే సమాచార సంబంధాలు తెగిపోయాయని. తుపాను మన దగ్గర తీరం దాటకపోయినా వాన మనకే పడొచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ దారి పొడవునా మన తీరం పక్కనుంచే వెళ్లింది. కాబట్టి మనం చూడాల్సింది వాన హెచ్చరిక రంగు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక కదలండి. ఒక్క రోజులో 20 సెంటీమీటర్ల వాన అంటే వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 18 వేల లీటర్లకు పైగా నీళ్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడున్నరకు పైగా మీ ఒక్క ఇంటి మీద నుంచి వీధిలోకి దిగుతాయన్నమాట.

[దృశ్యం: బారాషహీద్ దర్గా, చెరువు గట్టు మీద జనం, చేతుల్లో రొట్టెలు.]

వానతో సంబంధం లేని ఒక మాట, ఇక్కడే చెప్పాలి. రొట్టెల పండుగ మొహర్రంతో వస్తుంది కనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొన్నేళ్ల కిందట అది వానల్లో వచ్చేది. 2025లో జులైలో జరిగింది. 2029 నాటికి మే చివర్లోకి, రోహిణి కార్తె ఎండల్లోకి వస్తుంది. లక్షల మంది, చంకలో పిల్లలు, చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకోవడం, నెత్తిన ఆ ఎండ. బారికేడ్లు, పార్కింగుతో పాటు నీడ పందిళ్లు, మంచినీళ్లు, ఓఆర్ఎస్ గురించి ఇప్పటి నుంచే ఆలోచించాలి. దూరం నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు మన ఇంటికి వచ్చినవాళ్లే కదా.

మళ్లీ వాన. నీళ్లు తీశాక జ్వరాలు వస్తాయి. డెంగీ దోమ మురుగులో కాదు, మంచి నీళ్లలో గుడ్లు పెడుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం డ్రై డే పెట్టారు. వారానికొకసారి డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు ఖాళీ చేసి తుడిస్తే ఆ దోమ పుట్టదు.

[దృశ్యం: కార్తీక పౌర్ణమి. పెన్నలో అరటిదొప్పల మీద దీపాలు.]

కార్తీకంలో తెల్లవారకముందే ఆడవాళ్లు పెన్న ఒడ్డుకు వెళ్తారు. మా అమ్మ కూడా వెళ్తుంది. చలిలో తడి చీరతో దీపం వదిలి అది ఎంతదూరం పోతుందో చూస్తూ నిలబడుతుంది. నేను వద్దనలేను. అదే నెల సోమశిల నిండే నెల. ఎగువన గేట్లు ఎత్తితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా నీళ్లు పెరుగుతాయి. అందుకని ముందురోజు రాత్రి నేను రెండు పనులు చేస్తాను. సోమశిల నుంచి ఎంత వదులుతున్నారో వార్తల్లో చూస్తాను. అనుమానం ఉంటే 1077కు, జిల్లా కంట్రోల్ రూముకు, ఫోను చేసి అడుగుతాను. నీళ్లు వదులుతున్నారంటే మా అమ్మతో, “రేపు ఏట్లో వద్దు మా, తులసికోట దగ్గర పెట్టుకుందువు గానీ” అంటాను. ఒక్కోసారి వింటుంది. విననినాడు వెంట వెళ్తాను, మెట్టు దిగకుండా చెయ్యి పట్టుకుని నిలబడతాను.

[దృశ్యం: నీళ్ల అంచున ఒక చెయ్యి, దీపం. తెర మీద: అత్యవసరం 112, అంబులెన్సు 108, అగ్నిమాపక 101, కరెంటు 1912, జిల్లా కంట్రోల్ రూము 1077.]