తట్ట మోసినవారు ఎవరు?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారాలు. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ, మన సభల్లో పేర్లు పూర్తయ్యేసరికి కరెంటు పోతుంది. శాలువా సంగతి కూడా ముందే మనవి చేస్తున్నాను. మే నెలలో ముసలివాడి భుజాల మీద ఉన్ని శాలువా కప్పడం సన్మానం కాదు, శిక్ష. దాన్ని ఈ ప్రాంగణం కాపలాదారుకు ఇవ్వండి. చలికాలం రాత్రిళ్లు అతనికి పనికొస్తుంది.

మే 15 కాటన్ దొరగారి జయంతి, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. రెండింటికీ కలిపి ఒకే సభ పెట్టారు. ఒకే షామియానా, ఒకే ఫలహారం. మంచిదే. నాకిచ్చిన అంశం, మ్యూజియాల్లో వలసపాలన కాలపు జీవితాన్ని మనుషుల చేత ప్రదర్శింపజేయడం. దీన్ని సజీవ చరిత్ర అంటున్నారు. అద్దాల పెట్టెలో కొడవలి పెట్టి కింద చీటీ అంటిస్తే అది మామూలు మ్యూజియం. ఆ కొడవలి పట్టుకుని, ఆ కాలపు బట్టలు కట్టుకుని, ఒక మనిషి మీ ముందు కోత కోసి చూపిస్తూ మాట్లాడితే అది సజీవ చరిత్ర. స్వీడన్‌లో స్కాన్‌సెన్ అనే ఆరుబయటి మ్యూజియాన్ని 1891లోనే తెరిచారు. పాత ఇళ్లను ఊళ్ల నుంచి విప్పి తెచ్చి అక్కడ నిలబెట్టి, వాటిలో మనుషులను కూర్చోబెట్టారు.

మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. అక్కడ విలియమ్స్‌బర్గ్ అనే ఊరు ఉంది. అమెరికా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో వర్జీనియాకు రాజధాని. 1926 నుంచి రాక్‌ఫెల్లర్ అనే కోటీశ్వరుడి డబ్బుతో దాన్ని మళ్లీ పద్దెనిమిదో శతాబ్దపు ఊరిగా కట్టుకుంటూ వచ్చారు. కమ్మరి కొలిమి, అచ్చు యంత్రం, విగ్గులు కుట్టే దుకాణం, అన్నిటిలోనూ మనుషులు నిజంగా పని చేస్తుంటారు. కమ్మరి మేకు కొడుతుంటే నేను అక్కడి నుంచి కదలలేదు. మా కోడలు వచ్చి, "మామయ్యగారూ, కారు పార్కింగు సమయం అయిపోయింది" అని పిలుచుకుపోవలసి వచ్చింది.

ఆ ఊరి గురించి అసలు సంగతి తరువాత చెబుతాను. ముందు మన ఊరి సంగతి ఒకటి ఉంది. అది చెప్పకుండా నేను ముందుకు పోలేను.

కొన్నేళ్ల కిందట ఒక పాఠశాల వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పేరు చెప్పను. 'ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం' అని ఒక దృశ్యం వేశారు. విరాళం ఇచ్చిన పెద్దమనిషి కుమారుడికి దొర వేషం. టోపీ, బూట్లు, అట్టముక్కతో చేసిన గుర్రం. వెనక తట్టలు మోసే కూలీలుగా ఓ పదిమంది పిల్లలు. తెర వెనక నిలబడి చూస్తున్నాను, తట్టలు ఎవరికి ఇస్తున్నారో. చివరి బల్లల పిల్లలకు ఇచ్చారు. కాస్త నల్లగా ఉన్న పిల్లలకు ఇచ్చారు. వారు ఏ వీధుల నుంచి వస్తారో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. వారిలో ఒక అమ్మాయి ఉపాధ్యాయుడిని అడిగింది: "సార్, నాటకంలో నా పేరు ఏమిటి?" ఆయన, "నీకు పేరెందుకు? నువ్వు కూలీవి. తల వంచుకుని నడువు, చాలు" అన్నారు.

ఆ అమ్మాయి తల వంచుకునే నడిచింది. మైకు ముందుకు రాగానే ఆగి, తట్ట దించి, గట్టిగా తన నాయనమ్మ పేరు చెప్పింది. "నేను ఫలానా" అని. జనం గొల్లున నవ్వారు. దిగాక అమ్మాయికి చివాట్లు పడ్డాయి. నాకు శాలువా కప్పారు.

నేను కాటన్‌కు వ్యతిరేకిని అనుకోకండి. మా నాన్నగారు గోదావరిలో మునిగి, సంకల్పం చెప్పుకునేటప్పుడు ఆయనను భగీరథుడితో సమానంగా తలచుకునేవారు. మేము తిన్నది ఆ కాలువ నీటి అన్నమే. కానీ ఆనకట్ట ఎందుకు కట్టవలసి వచ్చిందో చెప్పకుండా దండ వేసి దిగిపోతే ఎలా? 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాలో మనుషులు గుంపులు గుంపులుగా చచ్చిపోయారు. 1839లో కోరంగి రేవును తుఫాను ముంచేసింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. 1841 నాటికి 5,61,041. ఇరవై ఏళ్లలో జనం పెరగవలసింది పోయి లక్షా డెబ్బై ఏడు వేలు తగ్గింది. కంపెనీ శిస్తు మాత్రం వసూలు చేస్తూనే ఉంది. జిల్లా ఇలా ఎందుకయిందని విచారించి మాంట్‌గోమరీ అనే కంపెనీ అధికారి నివేదిక ఇచ్చింది 1844లో. ఆ తరువాతే కాటన్ ప్రణాళిక, 1847లో పని మొదలు, 1852లో పూర్తి.

కట్టింది ఎవరు? ఎండాకాలం నది సన్నబడినప్పుడు మాత్రమే పని జరిగేది. వరద వస్తే ఆగేది. దగ్గరి కొండ నుంచి రాయి పగలగొట్టాలి, పట్టాల మీద బండ్లలో నది దాకా తోయాలి, ఇసుకలో బావులు దింపి పునాది వేయాలి, సున్నం కాల్చాలి, గానుగ ఆడించాలి. పని ముమ్మరంగా ఉన్నప్పుడు కూలీలే పదివేలమంది ఉన్నారని, వడ్రంగులూ కమ్మరులూ వందల్లో ఉన్నారని జిల్లా చరిత్రలో రాశారు. ఇసుక మీద కట్టడం నిలబెట్టే పద్ధతి కూడా ఇంగ్లండు నుంచి ఓడలో రాలేదు. కావేరి మీది పాత రాతి ఆనకట్ట కల్లణైని చూసి నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. ఆ కల్లణై కట్టినవారికి ఇంజనీరింగ్ పట్టా ఎవరు ఇచ్చారు? ఈ వైపు, కాటన్‌కు పనిలో తోడుగా నిలిచిన వీణం వీరన్న పేరు ఒక్కటి మాత్రం జనం మరిచిపోలేదు. మిగతా పదివేలమంది? ఉప్పరులు, వడ్డెరలు, కరువులో పొలాలు వదిలి వచ్చిన రైతుకూలీలు, చంటిబిడ్డలను ఇసుకలో పడుకోబెట్టి రాయి మోసిన ఆడవాళ్లు? వారి పేర్లు తల వంచుకుని నడిచిపోయాయి.

వర్జీనియా సంగతి చెబుతానన్నాను కదా. విలియమ్స్‌బర్గ్‌లో ఆ కాలంలో సగం జనాభా నల్లవారు. దాదాపు అందరూ బానిసలు. మ్యూజియం తెరిచిన తరువాత కొన్ని దశాబ్దాల పాటు ఆ సగం సంగతి దాదాపు కనిపించలేదు. తెల్లవారి విగ్గులు, తెల్లవారి విందులు. 1979లోగానీ నల్లజాతి నటులతో వారి జీవితాన్ని చూపడం మొదలుపెట్టలేదు. 1994 అక్టోబరులో ఆ మ్యూజియంలోని నల్లజాతి ఉద్యోగులే ముందుండి బానిసల వేలంపాటను ప్రదర్శించారు. పెద్ద గొడవ అయింది. "మా తాతల దుఃఖాన్ని తమాషా చేస్తారా?" అని నల్లవారి హక్కుల సంఘం వారే వచ్చి నిలదీశారు. "దాచిపెడితే ఆ దుఃఖం లేకుండా పోతుందా?" అని ప్రదర్శించినవారు అడిగారు. చూశాక మనసు మార్చుకున్నవారూ ఉన్నారు, మార్చుకోనివారూ ఉన్నారు. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. ఎవరిది ఒప్పో తేల్చి చెప్పే తెలివి నాకు లేదు, మీరూ తొందరపడకండి.

ఎందుకంటే అదే ప్రశ్న రేపు మన ముందూ ఉంటుంది. మన మ్యూజియంలో ఆనకట్ట పనిని ప్రదర్శించాలని ఈ సభలో తీర్మానం పెడుతున్నారని విన్నాను. నేను సమర్థిస్తాను. కానీ తట్ట ఎవరి నెత్తిన పెడతారు? మళ్లీ అవే వీధుల పిల్లల నెత్తినేనా? కులం చూసి వేషం ఇచ్చే ప్రదర్శనకు నేను రాను. రాకపోవడమే కాదు, బయట కూర్చుంటాను.

దీనికి మసాచుసెట్స్‌లో ఒక దారి కనిపెట్టారు. ప్లిమత్‌లో ఇంగ్లీషు వలసదారుల పల్లెను చూపే మ్యూజియం ఉంది. 2020లో దాని పేరులో ఆ చోటికి అసలువారు పెట్టుకున్న పాటుక్సెట్ అనే పేరు కూడా చేర్చారు. అక్కడ ఇంగ్లీషువారి వేషం వేసినవారు 1620ల నాటి మనుషుల్లా మాట్లాడతారు. ఆ నేల అసలువారైన వాంపనోగ్‌ల చోట మాత్రం స్థానిక తెగల మనుషులే ఉంటారు. వారు పాత మనుషుల్లా నటించరు, ఈనాటి తమ గొంతుతోనే మాట్లాడతారు. పాత పద్ధతిలో పడవ తొలుస్తూ, "మా పెద్దలు ఇలా చేసేవారు, మాకు ఇలా జరిగింది" అని చెబుతారు. మీరు ప్రశ్న అడిగితే ఎదురు ప్రశ్న వేస్తారు.

మనకు కావలసింది అది. రాతి పని చేసే వడ్డెర మేస్త్రీని పిలవండి. నటించమనకండి. ఉలి పట్టుకుని, రాయి ఏ నరం మీద పగులుతుందో చూపించమనండి. కలెక్టరుగారి అబ్బాయి అయినా సరే, తడి ఇసుక తట్ట ఒక్కసారి ఎత్తి పది అడుగులు నడిచాకే మేస్త్రీని ప్రశ్న అడగాలి. దొర వేషం వేయాలనుకుంటే వేయండి, కానీ ఆ దొర చేతిలో గుర్రం కళ్లెం బదులు మద్రాసుకు రాసిన ఖర్చుల పద్దు ఉండాలి. బతుకుతెరువు కోసం కోరంగిలో ఓడ ఎక్కి మారిషస్ చెరకు తోటలకు పోయిన మనవారి సంగతి చెప్పడానికీ ఒకరు ఉండాలి. వారి మునిమనుమలు ఈనాటికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట, డబ్బు గురించి. తీర్మానం ముసాయిదాలో 'స్వచ్ఛంద కళాకారులు' అని చదివాను. ఆ మాట కొట్టేయండి. ఆనకట్ట పూర్తయిన ఆరేళ్లకు, 1858లో, మద్రాసు ప్రెసిడెన్సీకి ఒక చట్టం వచ్చింది. చెరువు గట్టో కాలువ గట్టో తెగే ప్రమాదం వస్తే ఊరి కూలీలను బలవంతంగా పనికి తీసుకుపోవచ్చని. రానంటే శిక్ష. ఆ చట్టం గురించి చెప్పే మేస్త్రీ చేత మనం ఊరికే పని చేయించుకుంటే, వెట్టి గురించి వెట్టితో చెప్పించినట్టు అవుతుంది. రోజుకు బయట ఎంత కూలీ గిట్టుతుందో అంతకు తగ్గకుండా, ప్రదర్శన అయిన సాయంత్రమే చేతిలో పెట్టాలి. చెక్కు కాదు, మూడు నెలల తరువాత కాదు. ఈ ఒక్క వాక్యం తీర్మానంలో చేరిస్తే నేను చెయ్యెత్తుతాను. చేర్చకపోతే వ్యతిరేకంగా ఎత్తుతాను. కార్యదర్శిగారూ, కాగితం ఇటు ఇవ్వండి, నా కలంతోనే రాసి ఇస్తాను.