ఆగుంబెలో పులి కనిపిస్తుందా?

హోస్ట్: నమస్కారం. మారతహళ్లిలో మా వంటింట్లో కూర్చుని రికార్డు చేస్తున్నాం. హాల్లో కూర్చుంటే పక్కింటి డ్రిల్లింగ్ మోత. మధ్యలో కుక్కర్ కూత వేస్తే ఏమీ అనుకోకండి. ఈరోజు మనతో ఉన్న అన్న ఊరు కర్నూలు. ఉద్యోగం బెంగళూరులో, వానాకాలం శని ఆదివారాలు మాత్రం కర్ణాటక పడమటి కనుమల్లోని వర్షారణ్యం, ఆగుంబెలో. అన్నా, ముందు మా ఆయన అడగమన్న ప్రశ్న. అక్కడ పులి కనిపిస్తుందా?

అతిథి: (నవ్వు) పులి కావాలంటే నాగరహొళె, బండీపుర వెళ్లమనమ్మా. అక్కడైతే జీపు ఎక్కి తిరగొచ్చు. వర్షారణ్యంలో పది అడుగుల అవతల ఏముందో తెలీదు, ఎటు చూసినా ఆకులే. అక్కడ చూడాల్సినవి బొటనవేలంత ఉంటాయి, అవీ రాత్రిపూటే బయటికొస్తాయి.

హోస్ట్: వాన నిజంగా అంత ఉంటుందా?

అతిథి: బెంగళూరులో ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆగుంబెలో 7,000 దాటుతుంది. అరేబియా సముద్రం మీంచి వచ్చిన మబ్బు నేరుగా కొండకు తగులుతుంది, పైకి లేస్తుంది, చల్లబడి అక్కడే కురిసేస్తుంది. మన వైపు వచ్చేసరికి మబ్బు సగం ఖాళీ. మొదటిసారి వెళ్లినప్పుడు గొడుగు పట్టుకెళ్లాను. హోమ్‌స్టే ఆయన గొడుగును చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనకుండా ఒక గమ్‌బూట్ల జత తెచ్చి ముందు పెట్టాడు.

హోస్ట్: జలగల సంగతి?

అతిథి: ఉంటాయి. రెండు పొరల సాక్సు వేసుకుంటాం, అయినా పడతాయి. రక్తం గడ్డకట్టకుండా ఏదో వదులుతాయి, అందుకే ఊడిపోయాక కూడా కారుతూనే ఉంటుంది. టెన్షన్ పడాల్సిందేం లేదు. మీరు అడగాల్సింది కప్పల గురించి.

హోస్ట్: సరే, కప్పల గురించి అడుగుతున్నా.

అతిథి: మలబార్ ఎగిరే కప్ప అని ఒకటుంది. ఆకుపచ్చ ఒళ్లు, వేళ్ల మధ్య ఎర్రటి పొర. చెట్టు మీంచి దూకి, ఆ పొరలు చాపుకుని గాల్లో జారుతూ కిందికి వస్తుంది. గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటి గుంట మీదికి వంగిన కొమ్మ చూసుకుని, ఆకుల మధ్య నురగ గిలకొట్టి అందులో పెడుతుంది. పిల్లలు బయటపడే వేళకు నురగ కరుగుతుంది, తోకకప్పలు టపటపా నీళ్లలో పడతాయి. టార్చి ఆపి ఆ గుంట పక్కన కూర్చుంటే చాలు. నేను రెండు గంటలు కూర్చున్నా, కదలబుద్ధి కాలేదు.

హోస్ట్: ఆగుంబె అంటే రాచనాగు అంటారు కదా?

అతిథి: అవును. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో అక్కడ పరిశోధన కేంద్రం పెట్టింది దాని కోసమే. కన్నడిగులు కాళింగ సర్పం అంటారు. 2024లో శాస్త్రవేత్తలు రాచనాగు ఒక్క జాతి కాదు, నాలుగు జాతులని తేల్చారు. పడమటి కనుమల దానికి ఆ కన్నడ పేరే పెట్టారు, ఓఫియోఫేగస్ కాళింగ అని. పాముల్లో గూడు కట్టుకునేది అదొక్కటే. చేతులా లేవు, కాళ్లా లేవు. ఒంటితోనే ఎండుటాకులు కుప్పగా లాగి, గుడ్లు పెట్టి, పైన కాపలా కాస్తుంది.

హోస్ట్: మీరు చూశారా?

అతిథి: ఒక్కసారి, దూరం నుంచి, దారి దాటుతుంటే. పది సెకన్లు కూడా లేదు. నాకు అది చాలు. ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఒక టూరులో, పేరు చెప్పను, మలబార్ పిట్ వైపర్ అనే పాము కనిపించింది. పచ్చగా, కొమ్మకు చుట్టుకుని ఉంది. గైడు కర్రతో దాన్ని ఎత్తి, వెనక చీకటి బాగా పడే కొమ్మ మీద పెట్టాడు. పన్నెండు మంది, పన్నెండు కెమెరాలు. ఫ్లాష్ మీద ఫ్లాష్.

హోస్ట్: మీరూ తీశారా?

అతిథి: (కాసేపు ఆగి) తీశాను. మంచి ఫోటో కూడా. లైకులూ బాగానే వచ్చాయి. తర్వాత తెలిసింది, ఆ పాము ఒకే చోట రోజుల తరబడి కదలకుండా మాటు వేసి ఉంటుందని. కళ్లకూ ముక్కుకూ మధ్య ఉన్న గుంటలతో ఒంటి వేడి పసిగట్టి, అటుగా వచ్చిన ఎలుకను పడుతుంది. ఎంచుకున్న ఆ చోటునుంచి మేం దాన్ని లేపేశాం. ఆ ఫోటో డిలీట్ చేశాను. పాము మళ్లీ ఆ కొమ్మకు చేరిందో లేదో.

హోస్ట్: మరి టూరు బుక్ చేసేముందు ఏం అడగాలి?

అతిథి: నేనైతే ఒక్కటే అడుగుతా, "ఏమీ కనిపించకపోతే?" అని. "గ్యారంటీగా చూపిస్తాం సార్" అంటే ఫోన్ పెట్టేస్తా. "ఏం చేస్తాం సార్, వాన చూసి రండి" అన్నవాడితో వెళ్తా. గుంపు ఐదారుగురికి మించకూడదు. కప్పను చేత్తో పట్టించే గైడు వద్దు. మన చేతికున్న దోమల మందు దాని చర్మానికి మంచిది కాదు.

హోస్ట్: పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

అతిథి: మా అమ్మను తీసుకెళ్లా. 2020 తుంగభద్ర పుష్కరాలప్పుడు కోవిడ్ వల్ల నదిలో మునగనివ్వలేదు, ఆ లోటు అలాగే ఉండిపోయింది ఆమెకు. ఆగుంబె నుంచి శృంగేరి ముప్పై కిలోమీటర్ల లోపే. అమ్మకు శారదాంబ, నాకు కప్పలు. ఒప్పందం అది.

హోస్ట్: (నవ్వు) బాగుంది. అక్కడ నది తుంగ కదా?

అతిథి: తుంగే. కింద శివమొగ్గ దాటాక కూడ్లి దగ్గర భద్ర కలిస్తే తుంగభద్ర. గుడి మెట్ల దగ్గర నీళ్ల నిండా చేపలు, వాటిని ఎవరూ పట్టరు. అమ్మ కాళ్లు నీళ్లలో పెట్టి, తెచ్చుకున్న బొరుగులన్నీ వాటికే వేసేసింది. మాకు రాత్రికి తినడానికేం మిగల్లేదు. అంతా అయ్యాక, "ఒరేయ్, ఈ నీళ్లు మన కర్నూలు ఎప్పటికి చేరతాయిరా?" అంది. మధ్యలో హొసపేట డ్యామ్ ఉందమ్మా అన్నా.

(కుక్కర్ కూత)

హోస్ట్: ఆమె ఏమంది?

అతిథి: "అయితే నేనే ముందు చేరతా" అంది.