కారు స్టార్ట్ కావట్లేదా? జంప్ స్టార్టర్, మల్టీమీటర్, స్కానర్: ముందు ఏది కొనాలి

నమస్తే అండీ. టేబుల్ మీద మూడున్నాయి చూడండి. లిథియం జంప్ స్టార్టర్, అంటే నీరసించిన బ్యాటరీకి బయటినుంచి కరెంట్ అందించే చిన్న ప్యాకు. వోల్టేజీ కొలిచే మామూలు డిజిటల్ మల్టీమీటర్. కారు కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్లు చదివే చిన్న ఓబీడీ స్కానర్. కారు మొరాయించినప్పుడు పనికొస్తాయని జనం కొనేవి ఇవే. ఎక్కువమంది చెయ్యి ముందు జంప్ స్టార్టర్ మీదకే పోతుంది. నా ఓటు మాత్రం మల్టీమీటర్‌కి. జంప్ స్టార్టర్ ఆ పూటకి బండిని కదిలిస్తుందేమో గానీ, తప్పు ఎక్కడుందో చెప్పదు.

అసలు మీటర్ తీసేముందు చెవి పెట్టండి. కీ తిప్పగానే టకటకటకమని వరసగా కొట్టుకుంటుంటే బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినల్ వదులైంది. టక్‌మని ఒక్కసారే కొట్టి ఆగిపోతే ఇంజిన్‌ని తిప్పి లేపే సెల్ఫ్ మోటార్ మీదో, దానికెళ్ళే లావు కేబుల్ మీదో అనుమానం. ఏ చప్పుడూ లేకపోతే రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని కలిపే స్విచ్), ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, ఆటోమేటిక్‌లో గేర్‌లో ఉంటే స్టార్ట్ కానివ్వని న్యూట్రల్ స్విచ్, మాన్యువల్‌లో క్లచ్ స్విచ్, వీటిని అనుమానించాలి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి, అది వేరే కథ.

ఇప్పుడు మీటర్. డీసీ వోల్ట్స్, 20 రేంజ్. ఎర్ర వైరు వోల్ట్స్ సాకెట్‌లోనే ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. 10 ఆంప్స్ సాకెట్‌లో మరిచిపోయి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే. ఫ్యూజు లేని చవక మీటరైతే వైర్లు చేతిలోనే కాలతాయి. అందుకే ఆ సాకెట్‌కి ఫ్యూజు లేని మీటర్ కొనొద్దంటాను.

బండి కాసేపటి క్రితమే నడిచుంటే హెడ్‌లైట్లు ఒకట్రెండు నిమిషాలు వేసి ఆపి, అప్పుడు కొలవండి. లేకపోతే పైపై ఛార్జి చూపించి మోసం చేస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.6 అంటే నిండుగా ఉంది. 12.2 దగ్గర సగం. 12 కిందకొస్తే ముందు ఛార్జి చేయాల్సిందే, మిగతా పరీక్షలన్నీ తర్వాత.

కానీ ఊరికే ఉన్నప్పటి వోల్టేజీ చూసి బ్యాటరీ బాగుందని తేల్చేయకండి. ఒకరు కీ తిప్పుతుంటే ఇంకొకరు మీటర్ చూడాలి. గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి ఉండాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే పైనుంటే పర్వాలేదు. 12.5 ఉన్న బ్యాటరీ కీ తిప్పగానే 7కో 8కో పడిపోతే బ్యాటరీ లోపల చచ్చుబడింది, లేదా సెల్ఫ్ మోటార్ బిగుసుకుని అతిగా కరెంట్ లాగుతోంది. అదే కీ తిప్పినా 12.3 దగ్గర కదలకుండా నిలబడి, సెల్ఫ్ తిరగలేదనుకోండి. కరెంట్ సెల్ఫ్ దాకా చేరడం లేదు, లేదా సెల్ఫే పోయింది. ఇక్కడ కొత్త బ్యాటరీ వేసినా, జంప్ స్టార్టర్ తగిలించినా సున్నానే.

ఈ మీటర్ అసలు విలువ తెలిసేది తర్వాతి పరీక్షలో. చాలా వీడియోలు దీన్ని దాటేస్తాయి. ఎర్ర ప్రోబ్, అంటే మీటర్ ఎర్ర వైరు చివరి సూది, బ్యాటరీ పాజిటివ్ సీసం పోస్టు మీద పెట్టండి, దాన్ని పట్టుకునుండే క్లాంప్ మీద కాదు. నల్ల ప్రోబ్ సెల్ఫ్ మోటార్ లావు బోల్టు మీద. కీ తిప్పితే అర వోల్టు దాటకూడదు. తర్వాత నెగటివ్ పోస్టుకీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య, అక్కడ 0.2 దాకా. దాటితే నెగటివ్ నుంచి ఇంజిన్‌కెళ్ళే ఎర్త్ కేబుల్‌ది తప్పు. లెక్క చూడండి: సెల్ఫ్ 150 ఆంప్స్ లాగుతుంటే, దారిలో 0.01 ఓమ్ తుప్పున్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. దీన్ని ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే దొరకదు. మీటర్ పంపేది చిటికెడు కరెంట్. తెగిపోగా రెండు పోగులు మిగిలిన కేబుల్ కూడా దానికి బాగున్నట్టే కనిపిస్తుంది.

తుప్పు తేలితే 10 నంబర్ స్పానర్‌తో ముందు నెగటివ్ ఊడదీయండి. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి కడిగి, ఆరాక వైర్ బ్రష్‌తో సీసం మెరిసేదాకా రుద్దండి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖర్న.

రెండు కేబుళ్ళూ పాసైతే సెల్ఫ్ మీదుండే సన్నటి వైరు చూడండి. కీ తిప్పినప్పుడు అక్కడ బ్యాటరీ వోల్టేజీ దాదాపుగా వస్తూ కూడా మోటార్ తిరగకపోతే సెల్ఫ్ పోయింది. రాకపోతే స్టార్టర్ రిలే స్థానంలో అదే నంబరున్న హారన్ రిలే పెట్టి చూడండి. ఆటోమేటిక్ అయితే పార్క్ బదులు న్యూట్రల్‌లో ప్రయత్నించండి.

ఇక జంప్ స్టార్టర్. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే పీక్ ఆంప్స్ నమ్మకండి. అది క్షణకాలం లెక్క. స్టార్టింగ్ కరెంట్ విడిగా రాశారా, డీజిల్‌కి ఎంత పెద్ద ఇంజిన్ దాకా పనిచేస్తుందో చెప్పారా, అవి చూడండి. ఎరుపు పాజిటివ్‌కి, నలుపు బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ దాని పక్కన పడకూడదు. కీ 5 సెకన్లు మించి తిప్పొద్దు, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే చాలా ప్యాకులు దాన్ని గుర్తించవు, బూస్ట్ బటన్ నొక్కాలి. నొక్కాక ఉల్టా తగిలిస్తే కాపాడే రక్షణ చాలావాటిలో ఉండదు, కాబట్టి రంగులు చూసుకున్నాకే నొక్కండి. మూడు నెలలకోసారి ఛార్జి పెట్టండి, ఎండలో కారులో వదలొద్దు. బండి అందుకున్నాక బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 రావాలి. రాకపోతే బండి నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ సంగతి చూడాలి, లేదంటే రేపు మళ్ళీ ఇదే పని.

స్కానర్ పని సెల్ఫ్ తిరిగీ ఇంజిన్ అందుకోనప్పుడే. అప్పుడు కూడా ముందు కీ ఆన్ చేసి వెనక పెట్రోల్ పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుందా వినండి. తాళం గుర్తు లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే రెండో తాళంచెవితో చూడండి, తాళంచెవిని గుర్తుపట్టకపోతే ఇంజిన్‌ని ఆపేసే ఇమ్మొబిలైజర్ అడ్డుపడుతుండొచ్చు. స్కానర్‌లో పీ0335 కోడ్ వస్తే తప్పు క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో, అంటే ఇంజిన్ తిరుగుడు కనిపెట్టే సెన్సర్ దగ్గర. సెన్సర్ కొనేముందు దాని ప్లగ్గూ వైర్లూ చూడండి. ఇంకోటి, వోల్టేజీ పడిపోయినప్పుడు కంప్యూటర్లు తమ గొడవలన్నీ కోడ్లుగా రాసేస్తాయి. పేజీ నిండా కోడ్లు కనిపిస్తే వాటిని ఫోటో తీసుకుని చెరిపేయండి. బ్యాటరీ నిండా ఛార్జి చేసి మళ్ళీ స్టార్ట్ చేయండి, అప్పుడు తిరిగొచ్చిన కోడ్ వెంటే పడండి.