అరనిమిషానికోసారి శ్రుతి తప్పిన యంత్రం

శ్రోతలకు నమస్కారం. డోనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’ మీరు వినే ఉంటారు. పేరు గుర్తు లేకపోయినా, ఆగకుండా దడదడలాడే ఆ బేస్, అంటే అడుగున మోగే మంద్ర స్వరాలు, చెవిన పడితే ఇట్టే పట్టేస్తారు. ‘అదంతా మెషీన్ చేసిన పాట’ అని చాలామంది తేలిగ్గా అనేస్తుంటారు. నిజానికి ఆ మెషీన్‌ని ఓ అరనిమిషం చెప్పుచేతల్లో ఉంచుకోవడానికే నానా తంటాలు పడాల్సి వచ్చింది.

పాట 1977లో వచ్చింది. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, అరబెల్లా టవర్ అనే పెద్ద భవనం నేలమాళిగలో ఉన్న మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియోలో తయారైంది. నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలోట్. వాళ్ళ ఆల్బమ్‌లో పాటలు 1940ల బాణీ నుంచి మొదలై ఒక్కో కాలాన్నీ గుర్తుచేస్తూ వస్తాయి. చివరి పాట రాబోయే కాలానిది కావాలి. అందుకు వాద్యబృందం వద్దు, విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే సింథసైజరే కావాలనుకున్నారు.

అది మూగ్ మాడ్యులర్. బీరువాలా నిలబడే ఆ యంత్రం ముందువైపంతా మీటలు, జాక్‌లు, వాటి మధ్య వేలాడే వైర్లు. ఒక శబ్దం కావాలంటే వైర్లు కలిపి, మీటలు తిప్పి రాబట్టాలి. వైరు పీకేస్తే ఆ శబ్దం పోయినట్టే, దాచుకునే మెమరీ లేదు. పైగా ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కాబట్టి బేస్ ఒకసారి, పై స్వరాలు మరోసారి, ఇలా విడివిడిగా 16 ట్రాకుల టేపు మీద ఎక్కించుకుంటూ పోవాలి.

అక్కడే మొదటి చిక్కు. మళ్ళీ ఎక్కించేటప్పుడు కొత్త ట్రాకు పాతదానితో లయ కలవాలి కదా! ఆ యంత్రం గుట్టు తెలిసిన రాబీ వెడెల్ దీనికి దారి చూపించాడు. టేపులో ఒక ట్రాకు మీద సంకేతాన్ని రికార్డు చేసిపెట్టారు. స్వరాలను వరుసగా తనంతట తానే వాయించే సీక్వెన్సర్ ఆ సంకేతాన్ని విని అడుగు వేస్తుంది. ఎన్నిసార్లు వెనక్కి తిప్పి మొదలుపెట్టినా ప్రతి స్వరం తన చోటనే పడుతుంది.

రెండో చిక్కు శ్రుతి. మూగ్‌లో స్వరస్థాయిని నిర్ణయించేది విద్యుత్ వోల్టేజి. లోపలి ట్రాన్సిస్టర్లు కాస్త వేడెక్కితే, అదే వోల్టేజికి స్వరం వేరేగా పలుకుతుంది. ఇరవై ముప్పై సెకన్లు రికార్డు చేయడం, ఆపడం, శ్రుతి సరిచేయడం, మళ్ళీ అక్కడినుంచి అందుకోవడం. జారుడు లేకుండా ఏకధారగా వినిపించే ఆ బేస్ నిజానికి అతుకుల బొంత!

డ్రమ్ముల పక్కన ఉండే తాళాల జత, హై-హ్యాట్ చప్పుడు కూడా మూగ్‌దే. గాలి బుస లాంటి వైట్ నాయిస్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తే అది వస్తుంది. కిక్ డ్రమ్, అంటే కాలితో మోగించే పెద్ద డ్రమ్ము మాత్రం ఆ యంత్రంతో అనుకున్నంత బరువుగా రాలేదు. దాంతో డ్రమ్మర్ కీత్ ఫోర్సీ కాలితో వాయించాడు. ఇది వినడానికి తేలిక, చేయడానికి నరకం. మెషీన్ ఎవరి కోసమూ ఆగదు. కాలు కొన్ని పదుల మిల్లీసెకన్లు అటూ ఇటూ అయినా బేసూ కిక్కూ ఒక దెబ్బలా కాక రెండు దెబ్బల్లా వినిపిస్తాయి.

ఇక అసలు చిట్కా. సీక్వెన్సర్ వాయించిన బేస్‌ని ఎడమ స్పీకర్‌కి పంపారు. దాన్నే కొద్దిగా ఆలస్యం చేసి, స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీలో పడేలా కుడి స్పీకర్‌కి పంపారు. పాట వేగానికి ఆ ఆలస్యం సుమారు 120 మిల్లీసెకన్లు. తగ్గితే స్వరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి, పెరిగితే కుంటుతుంది. సరిగ్గా కుదిరితే వేగం రెట్టింపైనట్టు ఉంటుంది. బేస్‌ని ఇలా రెండు పక్కలకు చీల్చడం రికార్డింగులో మామూలుగా చేయని పని, గ్రామఫోన్ రికార్డు మీద సూది ఎగిరే ప్రమాదం ఉంది. క్లబ్బులో కుడి స్పీకర్ కిందే నిలబడ్డవాళ్ళ అడుగు బీటు తప్పే ప్రమాదం కూడా ఉంది. హెడ్‌ఫోన్‌లో ఒక చెవి తీసి వినండి, సగం పరుగు మాయమవుతుంది.

ఇంత సందడి మీద గొంతు కూడా పరుగెడితే పాట చితికిపోయేది. డోనా సమ్మర్ గొంతెత్తకుండా, పైస్థాయిలో పలచగా, పొడవైన స్వరాలతో పాడింది. మాటలు పిడికెడు. నా లెక్కలో ఈ పాటలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం అదే.

మొదట అమెరికాలో దీన్ని సింగిల్ రికార్డు వెనకవైపు వేశారు! బ్రిటన్‌లో మాత్రం నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. సంగీతకారుడు బ్రయన్ ఈనో ఇది విని, క్లబ్ సంగీతాన్ని పదిహేనేళ్ళపాటు మార్చేస్తుందన్నాడని గాయకుడు డేవిడ్ బోవీ చెప్పాడు. ఈనో తక్కువ లెక్కేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పాట్రిక్ కౌలీ 1978లో తన సింథసైజర్ జోడించి దీన్ని పావుగంట పైచిలుకు పాటగా సాగదీశాడు. అది డీజేల చేతులు మారుతూ తిరిగి, 1982లో అధికారికంగా విడుదలైంది. తర్వాతి టెక్నో, ట్రాన్స్ అనే క్లబ్ డాన్సు పాటల్లో పరుగెత్తే బేస్‌కి మూలం వెతికితే ఇక్కడికే వస్తాం. 2022లో బియాన్సే తన ఆల్బమ్ ముగింపు పాటలో ఈ బాణీనే వాడుకుంది.

ఇప్పుడు ఆ బేస్‌ని కంప్యూటర్‌లో కాసేపట్లో కట్టేయొచ్చు, శ్రుతి వెంట్రుకవాసి కూడా జారదు. కానీ వింటే చప్పగా ఉంటుంది. అందుకే చాలా సాఫ్ట్‌వేర్ సింథసైజర్లలో ‘డ్రిఫ్ట్’ అని ఒక మీట పెడుతున్నారు, శ్రుతిని కావాలనే కాస్త తప్పించడానికి.