పుల్ల విరిగిన చక్రం

శ్రోతలకు నమస్కారం. సైకిలు చక్రంలో పుల్ల విరిగితే చాలామంది ఆ ఒక్క పుల్లను కొత్తది వేయించి, చక్రం వంకర లేకుండా తిరుగుతున్నదని చూసుకుని ఊరుకుంటారు. కొన్నాళ్లకే దాని పక్క పుల్ల విరిగితే, దుకాణదారు నాసిరకం సరుకు వేశాడని నిందిస్తారు. చాలాసార్లు లోపం సరుకులో ఉండదు, బిగువులో ఉంటుంది.

మన ఊళ్లలో నేటికీ కనిపించే 28 అంగుళాల నల్ల సైకిలునే తీసుకుందాం. దాని ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండడం ఆనవాయితీ. తొక్కేవారి బరువులో ఎక్కువ పాలు, క్యారియరు మీది పాలక్యాన్లు, గొలుసు లాగే బలం, అన్నీ వెనుక చక్రం మీదే పడతాయి కనుక అక్కడ ఎనిమిది పుల్లలు అదనంగా వేశారు. అయినా ఎక్కువగా విరిగేవి అవే.

ఎద్దుబండి చక్రంలో కిందికి వచ్చిన కొయ్య ఆకులు బరువును నిలబడి మోస్తాయి. సన్నని ఉక్కు పుల్ల అలా మోయలేక వంగిపోతుంది కాబట్టి, సైకిలు పుల్లలన్నింటినీ రిమ్ముకూ, చక్రం నడిమి భాగమైన హబ్బుకూ మధ్య ముందుగానే లాగి బిగిస్తారు. చక్రం దొర్లుతున్నప్పుడు నేల వైపు వచ్చిన పుల్లల బిగువు కొంత తగ్గి, అవి పైకి పోగానే మళ్లీ మునుపటంత అవుతుంది. ఈ చక్రంలో ప్రతి పుల్లకూ కిలోమీటరుకు సుమారు 450 సార్లు ఇలా జరుగుతుంది. బిగువు చాలినంత ఉంటే హబ్బు రంధ్రంలోని పుల్ల వంపు కదలదు. చాలకపోతే, ఆ వంపు ప్రతి చుట్టుకూ కదిలి, చేత్తో అటూ ఇటూ వంచిన తీగలాగా, లోపలే పగులు పట్టి, ఒకనాడు నున్నని తారు రోడ్డు మీద ఏ దెబ్బా తగలకుండానే తెగిపోతుంది.

దారిలో విరిగితే, ముందుగా క్యారియరు మీది బరువు దించి, విరిగిన ముక్క ఎక్కడా తగులుకోకుండా పక్క పుల్లకు చుట్టివేయాలి. హబ్బుకు ఎడమ వైపు తగిలించిన పుల్ల పోతే రిమ్ము ఆ చోట కుడికి జరుగుతుంది. దానికి అటూ ఇటూ ఉన్న కుడి వైపు పుల్లల నిపుల్సును, అంటే రిమ్ము దగ్గర పుల్లలను బిగించే చిన్న నట్లను, అర చుట్టు చొప్పున వదులు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. దుకాణం చేరేదాకా మెల్లగా వెళ్లవచ్చు. బరువు మాత్రం మళ్లీ ఎక్కించవద్దు.

కొత్త పుల్ల పాతదాని పొడవు, మందంలోనే ఉండాలి. గొలుసు వైపుదైతే ముందుగా ఫ్రీవీలు, అంటే గొలుసు పట్టే వెనుక పళ్లచక్రం, విప్పాలి. దీనికి ఓపిక చాలక పుల్లను వంచి దూర్చేవారు ఉన్నారు, ఒప్పుకోకండి. పుల్లలను ఒకదానినొకటి దాటించి అల్లే ఈ పద్ధతికి ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు పొందారు. తొక్కే బలాన్ని హబ్బు నుంచి రిమ్ముకు అందించేది ఆ అల్లికే కనుక, కొత్త పుల్ల కూడా పాతది పోయిన దారినే పోవాలి.

అసలు పని ఆ తర్వాతే ఉంది. ఒకే వైపు పుల్లలను వేలితో మీటుతూ వినండి. మందంగా, దిగువ స్థాయిలో పలికేది వదులుగా ఉన్న పుల్ల. నిపుల్‌ను ఒక్కసారికి పావు చుట్టుకు మించకుండా తిప్పుతూ, రిమ్ము పక్కలకు ఊగకుండా చూసుకుంటూ, ఆ వైపువన్నీ దాదాపు ఒకే స్వరంలో పలికేదాకా సరిచేయాలి. తర్వాత పక్కపక్క పుల్లలను జంటలుగా చేత్తో గట్టిగా నొక్కి వదిలితే వంపులు హబ్బులో కుదురుకుంటాయి. అప్పుడు మరొకసారి సరిచూడాలి.

కొద్దికాలంలోనే రెండు మూడు పుల్లలు విరిగాయంటే, మిగిలిన వాటిలోనూ పగుళ్లు మొదలై ఉండవచ్చు. రిమ్ము బాగుంటే దానినే ఉంచి, పుల్లలన్నీ ఒకేసారి మార్పించడం చవక. హబ్బు రంధ్రాలు అరిగి కోలగా సాగి ఉంటే మాత్రం హబ్బును కూడా మార్చవలసిందే.