కంసుడి భయం, మన భయం

(కడపలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

నిరుడు వేసవిలో మనవళ్లతో బనగానపల్లె వెళ్లాను. అక్కడ నవాబుల కాలం నాటి పాత బంగళా ఒకటి ఉంది. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమాను అక్కడ చిత్రీకరించారు. అప్పటి నుంచి అది అరుంధతి బంగళా అయిపోయింది. కట్టించిన నవాబు పేరు చెప్పేవారు తక్కువ. పిల్లలు గోడల పక్కన నిలబడి ఫొటోలు దిగారు. "పశుపతి సమాధి ఎక్కడ తాతా?" అని ఆ సినిమాలోని దుష్టుడి గురించి అడిగారు. అక్కడి నుంచి వాళ్లను రవ్వలకొండకు తీసుకువెళ్లాను. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఆవులు కాస్తూ కాలజ్ఞానం రాశారని చెప్పుకునే గుహ అది. లోపలికి వెళ్లగానే చిన్నవాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇక్కడ కూడా దయ్యం ఉందా?" అన్నాడు. లేదన్నాను. "మరి ఎందుకు భయం వేస్తోంది?" అన్నాడు. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. దయ్యాల సినిమాలు పుట్టించే భయం మనల్ని దైవచింతన వైపు నడిపిస్తుందా అన్నది నేటి ప్రసంగ విషయం. ఇది ఆ పిల్లవాడికి ఆలస్యంగా చెబుతున్న సమాధానం అనుకోండి.

మన భాషలో భయభక్తులు అనే మాట ఉంది. రెండింటినీ ఒకే ఊపిరిలో పలుకుతాం. గురువు దగ్గర భయభక్తులతో మెలగాలి అంటాం. ఆ భయంలో పారిపోవాలనే ఆలోచన లేదు. ఎదుట ఉన్నది నాకంటే పెద్దది అనే ఎరుక ఉంది. మన అతీంద్రియ చిత్రాలలో చాలా భాగం ఈ జంటను విడదీస్తాయి. భయాన్ని ప్రేక్షకుడికి పంచుతాయి, భక్తిని మంత్రగాడి సంచిలో పెడతాయి. ఆ సంచిలో విభూతి, నిమ్మకాయలు, తాయెత్తులు ఉంటాయి. విదేశీ చిత్రమైతే శిలువ, పవిత్ర జలం. చివరి ఘట్టంలో సంచి తెరుచుకుంటుంది, దయ్యం కాలిపోతుంది, మనం లేచి చెప్పులు వెతుక్కుంటాం. అక్కడ దేవుడు దయ్యం కంటే బలమైన మరో శక్తి, అంతే. ఎవరి బలం ఎక్కువ అన్నదే కథ అయినప్పుడు, గెలిచినవాడి గురించి ఆలోచించవలసినది ఏమీ మిగలదు.

అలాగని థియేటర్లో భక్తి లేదని నేను అనను. 1995లో 'అమ్మోరు' వచ్చినప్పుడు ప్రొద్దుటూరులో చూశాను. నా ముందు వరుసలో ఒక పెద్దావిడకు పూనకం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తెర వైపు చూడడం మానేశారు. ఒకరు మంచినీళ్లు చల్లారు, ఒకరు "శాంతించు తల్లీ" అని చేతులు జోడించారు. పిల్లలు ఆమె కాళ్లకు మొక్కారు. ఆ తర్వాత తెర మీద ఏం జరిగిందో ఆ పది మందికీ తెలియదు. నేను ఎన్నోసార్లు ఆ సంఘటనను తలచుకున్నాను. ఆ భక్తిని సినిమా పుట్టించలేదు. ఆవిడ తన ఊరి జాతరల నుంచి, తన తల్లి నుంచి తెచ్చుకున్న భక్తి అది. సినిమా దానిని కదిలించింది. కదిలించడం చిన్న సంగతి కాదు, కానీ చింతన వేరు.

ఇక్కడ మీరు నన్ను ఆపి ఒక పద్యం గుర్తు చేయవచ్చు. పోతన పేరుతో ముడిపడిన ఒంటిమిట్టకు ఇంత దగ్గరలో నిలబడి ఆ పద్యాన్ని తప్పించుకోవడం నాకు సాధ్యం కాదు. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుతో అంటాడు: "కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు..." గోపికలు వలపుతో, కంసుడు భయంతో, శిశుపాలుడు వంటివారు పగతో, మీరు ప్రేమతో, మేము భక్తితో ఆ చక్రిని చేరుకున్నాం అని. భయం కూడా ఒక దారే అని పోతన స్పష్టంగా చెప్పాడు. మరి భయపెట్టే సినిమా ఆ దారిలో మనల్ని నాలుగు అడుగులు నడిపించదా?

ఈ ప్రశ్న నన్ను చాలా కాలం వేధించింది. కంసుడి భయాన్ని మళ్లీ చదివితే గాని తేడా తెలియలేదు. కూర్చున్నా, నడిచినా, తిన్నా, పడుకున్నా అతడికి హరియే కనిపించాడు. ఆ భయం తన చావును గురించినది, దానిని తప్పించుకోవడానికి తాను చంపిన పసివాళ్లు దానికి తోడు. దాని నుంచి లేచి ఇంటికి వెళ్లే వీలు అతడికి లేదు. మన భయం రెండున్నర గంటల భయం. పైగా అది వేరొకరి పాపానికి పుట్టిన దయ్యం. ఎవడో జమీందారు చేసిన అన్యాయానికి ఎవరో ఆత్మ పగబడితే మనం అరుస్తాం. నేను చేసిన అన్యాయం నన్ను వెతుక్కుంటూ వస్తే ఎలా ఉంటుందో అడిగే సినిమా అరుదు.

అరుదైనా, ఉన్నాయి. 1973 నాటి అమెరికన్ చిత్రం 'ది ఎగ్జార్సిస్ట్' పేరు చెప్పగానే అందరికీ ఆ పిల్ల తల తిరగడం గుర్తొస్తుంది. నాకు గుర్తుండేది ఆ చిన్న ఫాదరీ. అతడికి విశ్వాసం సన్నగిల్లింది. ఒంటరిగా చనిపోయిన తల్లికి తాను ఏమీ చేయలేకపోయానన్న బాధ ఉంది. దయ్యం అతడిని కొట్టే దెబ్బ సరిగ్గా అక్కడే. చివరికి మంత్రాలు ఆ బిడ్డను రక్షించవు. "నన్ను పట్టుకో" అని పీడను తన మీదికి పిలుచుకుని అతడు కిటికీలోంచి దూకేస్తాడు. సంచిలో ఉన్నవన్నీ అయిపోయాక తనను తాను ఇచ్చుకున్నాడు.

'అరుంధతి'లో కూడా అటువంటి చోటు ఒకటి ఉంది. కథానాయిక జేజెమ్మ ఊరి కోసం ప్రాణం విడిచి, తన ఎముకలతో ఆయుధం చేయమంటుంది. వెన్నెముకను వజ్రాయుధానికి ఇచ్చిన దధీచి కథ తెలిసినవారికి ఒళ్లు జలదరించాలి. కానీ సినిమా అక్కడ నిలవదు. పగ, గ్రాఫిక్స్, పెద్ద శబ్దం వచ్చి ఆ త్యాగాన్ని కప్పేస్తాయి. అందుకే మా మనవళ్లు పశుపతి సమాధిని అడిగారు, జేజెమ్మ ఎముకలను అడగలేదు.

మన జిల్లాలోనే ఏ దయ్యాల సినిమాకూ తీసిపోని కథ ఉంది. బ్రహ్మంగారు శిష్యుడు సిద్ధయ్యకు దేహంలోని షట్చక్రాల గురించి, అక్కడ ఉండే దేవతల గురించి బోధిస్తుండగా కక్కయ్య అనే అతడు విన్నాడు. ఇంటికి వెళ్లి నిద్రపోతున్న భార్య శరీరాన్ని కోసి చూశాడు. నెత్తురు, మాంసం తప్ప ఏమీ లేవు. నీవు అబద్ధాలకోరువని స్వామి మీదికి వచ్చాడు. స్వామి అతడికి తత్వం చూపించి, ఆమెను బతికించారని కథ. చిన్నప్పుడు కోయడం దగ్గర వణికాను. ఇప్పుడు వణికేది అతడి నమ్మకం దగ్గర. దైవం కంటికి కనిపించే వస్తువై ఉండాలని పట్టుబట్టినవాడి చేతికి కత్తి వచ్చింది. దేవతను తెర మీద వెలుగుగా, శబ్దంగా చూపిస్తే తప్ప తృప్తిపడని మనకూ అతడికీ దూరం ఎంత? ఇంకొక మాట కూడా చెప్పాలి. కథ చెప్పేవాళ్లు కక్కయ్య మారాడంటారు, స్వామి మహిమ అంటారు. లేచి కూర్చున్న ఆ ఇల్లాలు భర్త ముఖం చూసి ఏమనుకున్నదో ఎవరూ చెప్పరు. ఎవరైనా సినిమా తీస్తే అక్కడి నుంచి మొదలుపెట్టాలని నా కోరిక.

తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారు 1951లో 'పాతాళ భైరవి' తీశారు. నేను దానిని లెక్కలేనన్ని సార్లు చూశాను, ఇంకా చూస్తాను. ఆ అమ్మవారు బలి అడుగుతుంది, వరం ఇస్తుంది. ఇచ్చినవాడి మనసు ఎలాంటిదని అడగదు. అదే దర్శకుడు అంతకు నాలుగేళ్ల ముందు 'యోగి వేమన' తీశారు. అందులో దయ్యం లేదు. బంగారం చేసే విద్య వెంట పడిన వేమనగా నాగయ్య గారు, ప్రాణంగా చూసుకున్న అన్న కూతురు జ్యోతి, ఆ పిల్ల చావు. ఆ విద్య ఆ చావు ముందు ఎందుకూ కొరగాలేదు.

మా అమ్మ చిన్నతనంలో ఆ సినిమా చూసింది. తర్వాత నేను ఆమెను ఎన్నో దయ్యాల సినిమాలకు తీసుకువెళ్లాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసేది, మర్నాటికి కథ కూడా మరిచిపోయేది. మా చెల్లెలి పెళ్లి ముందు ఇంట్లో అందరం నగల లెక్కలు వేస్తున్నాం. తులం ధర మీద గొంతులు పెరిగాయి. వంటింటి గడపలో కూర్చున్న అమ్మ ఒక్కసారిగా, "నాగయ్య సినిమాలో ఆ పిల్ల పేరు జ్యోతి కదూ?" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. నాన్నగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.